నరంలో కరెంటు: తీగలో లాగా పారదు, అడుగడుగునా కొత్తగా పుడుతుంది

ఎదురుదెబ్బ తగిలినప్పుడు నొప్పి రెండు విడతలుగా వస్తుంది. వేలు గడపకి కొట్టుకున్న వెంటనే చురుక్కుమని ఒకటి. దాదాపు ఒక సెకను ఆగి, ప్రాణం జివ్వుమనేలా మంటతో కూడిన సలుపు ఇంకొకటి. దెబ్బ ఒక్కటే. దారీ ఇంచుమించు ఒక్కటే: కాలి వేలి నుంచి వెన్నుపాము దాకా సుమారు మీటరు దూరం. మొదటి నొప్పిని మోసుకొచ్చే నరపు పోగుల్లో సంకేతం సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో వెళుతుంది. రెండో నొప్పిని తెచ్చే సన్నటి పోగుల్లో ఆ వేగం సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్లే, అంటే మనిషి నడకంత. ఇంటి వైరింగులో పారేలాంటి కరెంటే నరాల్లోనూ పారుతుంటే ఈ ఆలస్యం మనకి తెలిసే అవకాశమే లేదు.

నరంలో సంకేతానికి కొలవగలిగినంత సమయం పడుతుందని మొదట చూపించినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. 1850లో ఆయన కప్ప కాలి నరం మీద కొలిస్తే వేగం సెకనుకు 30 మీటర్ల ప్రాంతంలో తేలింది. అంతకుముందు ఆయన గురువు యోహానెస్ ముల్లర్‌తో సహా చాలామంది ఆ వేగాన్ని కొలవడం మనిషి వల్ల కాదనుకున్నారు. కొలత అయితే దొరికింది కానీ, ఇంత నెమ్మది ఎందుకన్న ప్రశ్నకి గట్టి జవాబు రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

నరపు పోగు, అంటే ఆక్సాన్, తీగగా చూస్తే చాలా నాసిరకం తీగ. లోపల ఉండేది ఉప్పు కలిసిన జిగురు ద్రవం. అది కరెంటుని అడ్డుకునే తీరు రాగితో పోలిస్తే సుమారు రెండు కోట్ల రెట్లు ఎక్కువ. పైన ఉండే పొరా పూర్తి ఇన్సులేషన్ కాదు, కరెంటు దాన్నుంచి బయటికి కారిపోతూ ఉంటుంది. చిల్లులు పడ్డ రబ్బరు పైపులో నీళ్ల ఒత్తిడి చివరికి వెళ్లేకొద్దీ పడిపోయినట్టు, ఆక్సాన్‌లో ఒకచోట పుట్టించిన వోల్టేజి కొన్ని మిల్లీమీటర్లలోనే నీరసించిపోతుంది. సన్నటి పోగుల్లో అయితే మిల్లీమీటరు కూడా దాటదు. అలాంటి పోగు మీటరు దూరం వార్త మోయాలంటే ఒక్కటే మార్గం: సంకేతాన్ని అడుగడుగునా మళ్లీ పూర్తి బలంతో పుట్టించుకోవాలి. ఆ పుట్టించే పని చేసేవే పొర గుండా అడ్డంగా సాగే అయాన్ల (విద్యుదావేశం ఉన్న అణువుల) ప్రవాహాలు. పోగు పొడవునా పరిగెత్తి వెళ్లే అయాన్ అంటూ ఏదీ లేదు. సోడియం బయటి నుంచి లోపలికి, పొటాషియం లోపలి నుంచి బయటికి, ఎక్కడివి అక్కడే నాలుగడుగులు వేస్తాయి.

దీనికి కావలసిన శక్తి ముందే నిల్వ ఉంటుంది. ఈ విషయంలో పరిశోధకులు అందరికంటే ఎక్కువగా పరిశీలించింది స్క్విడ్ అనే సముద్ర జీవిని. దాని రాక్షస ఆక్సాన్ అర మిల్లీమీటరు, ఒక్కోసారి ఒక మిల్లీమీటరు దాకా లావుంటుంది. ప్రమాదం ఎదురైతే నీటిని చిమ్మి ఒక్క ఉదుటున పారిపోవడానికి స్క్విడ్‌కి అది కావాలి. శాస్త్రవేత్తలకి మాత్రం లోపలికి తీగ దూర్చగలిగిన నరం దొరకడమే వరమైంది. ఆ ఆక్సాన్ లోపల పొటాషియం లీటరుకి 400 మిల్లీమోల్స్, బయట 20. సోడియం లోపల 50, బయట 440. విశ్రాంతిగా ఉన్నప్పుడు పొర ముఖ్యంగా పొటాషియానికే కొంచెం దారి ఇస్తుంది. ధనావేశం ఉన్న పొటాషియం కొద్దిగా బయటికి జారుకోవడంతో లోపలి వైపు మైనస్ 65 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. పొర పూర్తిగా పొటాషియానికే తెరుచుకుంటే వోల్టేజి మైనస్ 75 దగ్గరికి, సోడియానికే తెరుచుకుంటే ప్లస్ 55 దగ్గరికి పోవాలి. నరం చేసే పనంతా ఈ రెండు అంచుల మధ్యే జరుగుతుంది.

1902లో జూలియస్ బెర్న్‌స్టైన్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, నరం స్పందించినప్పుడు పొర ఒక్క క్షణం అన్ని అయాన్లకీ దారి వదిలేస్తుంది. అలా జరిగితే వోల్టేజి సున్నాకి రావాలి, అక్కడితో ఆగాలి. 1939 వేసవిలో ఇంగ్లండ్ తీరంలోని ప్లిమత్ పరిశోధనాలయంలో పాతికేళ్ల అలన్ హాడ్జ్‌కిన్, ఇరవై ఒక్కేళ్ల ఆండ్రూ హక్స్‌లీ స్క్విడ్ ఆక్సాన్ లోపలికి సన్నటి ఎలక్ట్రోడ్ దింపి చూశారు. వోల్టేజి సున్నా దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ప్లస్ 40 దాకా వెళ్లింది. కారణం వెతికే లోపే రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఇద్దరూ యుద్ధ పనుల్లోకి వెళ్లిపోయారు. యుద్ధం తర్వాత హాడ్జ్‌కిన్, బెర్నార్డ్ కాట్జ్ కలిసి బయటి సముద్రపు నీటిలో సోడియం తగ్గించి చూస్తే, సంకేతపు శిఖరమూ దాంతో పాటే తగ్గింది. సున్నా దాటించేది సోడియమేనని 1949 నాటికి స్పష్టమైంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. సోడియం లోపలికి వస్తే వోల్టేజి పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మరిన్ని సోడియం దారులు తెరుచుకుంటాయి. అంతలో పొటాషియం దారులూ తెరుచుకుంటాయి. అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ రెండు మిల్లీసెకన్లలో ముగిసిపోతాయి. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం? దీన్ని విడదీసిన ఉపాయం పేరు వోల్టేజి క్లాంప్. అమెరికాలో కెన్నెత్ కోల్, జార్జ్ మార్మాంట్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని హాడ్జ్‌కిన్ బృందం మెరుగుపరిచింది. ఆక్సాన్ లోపలికి వెండి తీగలు దింపి, పొర వోల్టేజిని తమకి కావలసిన అంకె దగ్గర పట్టి ఉంచుతారు. అయాన్లు దాన్ని మార్చబోతే, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ సరిగ్గా అంతే కరెంటుని ఎదురు పంపి మారనివ్వదు. ఎంత ఎదురు పంపాల్సి వచ్చిందో అదే అయాన్ల ప్రవాహం. వోల్టేజి కదలదు కాబట్టి ఆ పరస్పర తోపులాట ఆగిపోతుంది.

వోల్టేజిని విశ్రాంతి స్థాయి నుంచి ఒక్కసారిగా సున్నాకి పెంచి అక్కడే పట్టి ఉంచితే, మొదటి మిల్లీసెకను ప్రాంతంలో కరెంటు లోపలికి పారింది. ఆ వెంటనే దిశ మార్చుకుని బయటికి పారుతూ, వోల్టేజి పట్టి ఉంచినంతసేపూ అలాగే కొనసాగింది. బయటి నీటిలో సోడియం బదులు, ఆ దారిలో పట్టని కోలీన్ అనే పదార్థం కలిపితే లోపలికి పారే భాగం మాయమై బయటికి పారేది మిగిలింది. మొదటి రేఖలోంచి రెండోదాన్ని తీసేస్తే సోడియం ప్రవాహం ఒంటరిగా కనిపించింది. దాని ఆకారంలోనే అసలు రహస్యం ఉంది: గబుక్కున లేచి, వోల్టేజి ఇంకా అదే స్థాయిలో ఉండగానే, తనంతట తాను పడిపోయింది. సోడియం దారికి తెరుచుకునే గేటు ఒకటి, కొంచెం ఆలస్యంగా మూసుకునే గేటు ఇంకొకటి ఉన్నాయన్న మాట. పొటాషియం దారికి నెమ్మదిగా తెరుచుకునే గేటు మాత్రమే ఉంది.

నాడీ సంకేతాల గుట్టు చాలావరకు ఈ మూడు గేట్ల టైమింగులోనే ఉంది. మూడింటికీ సైగ ఒక్కటే, పొర వోల్టేజి. స్పందించే వేగాలే వేరు. సోడియం గేటు మిల్లీసెకనులో కొంత భాగంలోనే తెరుచుకుంటుంది. దాన్ని మూసే గేటు, పొటాషియం గేటు కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటాయి. అన్నీ ఒకే వేగంతో కదిలి ఉంటే లోపలికి వచ్చే సోడియాన్ని బయటికి పోయే పొటాషియం అప్పటికప్పుడే రద్దు చేసేది, సంకేతమే పుట్టేది కాదు. ఆ కాస్త వ్యవధిలో సోడియానికి అడ్డు లేదు కాబట్టే వోల్టేజి ప్లస్ 40కి ఎగబాకుతుంది. మిగతా రెండూ మేలుకోగానే మళ్లీ కిందికి దిగుతుంది.

సోడియం రాక, పొటాషియం పోక సరిసమానమయ్యే ఒక అంచు ఉంటుంది. ఆ అంచు దాటితే సోడియానిదే పైచేయి, పూర్తి సంకేతం వస్తుంది. దాటకపోతే అంతా చప్పబడిపోతుంది. సగం సంకేతం అనేది ఉండకపోవడానికి కారణం ఇదే. దీనికి ఇంకో మెలిక ఉంది. అదే వోల్టేజికి మెల్లగా తీసుకెళ్తే నరం చాలాసార్లు పలకదు. మూసే గేటుకి తన పని పూర్తి చేసేంత సమయం దొరికిపోతుంది. వోల్టేజి ఎంత పెరిగిందన్న దానితో పాటు ఎంత త్వరగా పెరిగిందన్నదీ నరం లెక్కలోకి తీసుకుంటోందన్న మాట. గేట్ల వేగాలు తెలియకపోతే ఈ ప్రవర్తన వింతగా కనిపిస్తుంది.

సంకేతం వెనక్కి తిరగకపోవడం కూడా ఇందులో నుంచే వస్తుంది. ఒకచోట లేచిన వోల్టేజి రెండు పక్కలకీ పాకుతుంది. ముందున్న చోట సోడియం గేట్లు సిద్ధంగా ఉంటాయి. వెనక, ఇప్పుడే స్పందించిన చోట, అవి మూతపడి ఉంటాయి, పొటాషియం గేట్లు ఇంకా తెరిచే ఉంటాయి. ఒకటి రెండు మిల్లీసెకన్ల దాకా అక్కడ మళ్లీ సంకేతం పుట్టదు. ఒక పోగు సెకనుకు ఎన్ని సంకేతాలు పంపగలదన్న హద్దునీ ఈ విరామమే గీస్తుంది. ప్రతి సంకేతం ఒకే సైజులో ఉంటుంది కాబట్టి నరం దెబ్బ తీవ్రతని సంఖ్యలో చెబుతుంది: మెల్లగా తాకితే సెకనుకు కొన్ని, గట్టిగా నొక్కితే వందల్లో. ఎడ్గర్ ఏడ్రియన్ 1926లోనే ఒంటరి పోగుల మీద దీన్ని గమనించాడు. దాని వెనకున్న యంత్రాంగం తేలింది మాత్రం 1952లో.

ఆ ఏడాది హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ప్రచురించిన పత్రాల్లో చివరిది ఈ రంగంలో ఎవరూ దాటవేయలేనిది. పట్టి ఉంచిన వోల్టేజి దగ్గర కొలిచిన ప్రవాహాలను సమీకరణాలుగా రాసి, ఇక వోల్టేజిని స్వేచ్ఛగా వదిలేస్తే ఏం జరగాలో లెక్కగట్టారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటర్ అప్పుడు మార్పుల కోసం ఆపేసి ఉంది. హక్స్‌లీ చేత్తో తిప్పే బ్రన్స్‌విగా లెక్కల యంత్రం మీద రోజుల తరబడి కూర్చుని, అంచెలంచెలుగా ఆ లెక్క పూర్తి చేశాడు. సంకేతపు ఆకారం, అంచు, విరామం అన్నీ కాగితం మీద వాటంతట అవే వచ్చాయి. 18.5 డిగ్రీల వద్ద సంకేతం సెకనుకు 18.8 మీటర్ల వేగంతో నడవాలని లెక్క తేలింది. అసలు ఆక్సాన్ మీద కొలిచింది 21.2. కదలకుండా పట్టి ఉంచిన పొర మీద తీసుకున్న కొలతల్లోంచి పరిగెత్తే సంకేతం వేగం ఇంత దగ్గరగా రావడం జీవశాస్త్రంలో అరుదైన విజయం. 1963లో వారిద్దరికీ జాన్ ఎక్లెస్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఒక్కో సంకేతానికి ఎన్ని అయాన్లు కావాలి? చదరపు సెంటీమీటరు పొరకి సుమారు 4 పికోమోల్స్, అంటే మోల్‌లో లక్ష కోట్లవ వంతు నాలుగుసార్లు. అర మిల్లీమీటరు లావున్న ఆక్సాన్‌లో అంత పొర వెనక ఉన్న పొటాషియం సుమారు 50 లక్షల పికోమోల్స్. ఒక సంకేతంతో పోయేది అందులో పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పంపుని ఆపేసినా ఈ లావు ఆక్సాన్ వేల సంకేతాలు పంపగలదు. పంపు సంకేతాన్ని పుట్టించదు, బ్యాటరీని చార్జ్ చేస్తుంది అంతే. మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం లోపలికి, ఇంధనం ఏటీపీ. దాన్ని గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కోకి 1997లో నోబెల్ దక్కింది. మన ఒంట్లోని సన్నటి పోగులకి ఇంత నిల్వ లేదు, అవి పంపు మీద చాలా త్వరగా ఆధారపడతాయి. బాసిపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కడం దీనికి ఇంట్లో దొరికే ఉదాహరణ. నరానికి రక్తం అందక పంపు మందగిస్తుంది, లోపలి వోల్టేజి మెల్లగా సున్నా వైపు జరుగుతుంది, సోడియం గేట్లు మూతపడి కాలు మొద్దుబారుతుంది. కాలు చాపాక రక్తం మళ్లీ పారుతుంటే పోగులు కుదురుకునే దాకా అకారణంగా సంకేతాలు పంపుతాయి. సూదులు గుచ్చినట్టు ఉండేది అప్పుడే.

వేగం పెంచుకోవడానికి స్క్విడ్ పట్టిన దారి లావు పెరగడం. అది ఖరీదైన దారి, ఎందుకంటే ఒట్టి పోగులో వేగం రెట్టింపు కావాలంటే లావు నాలుగు రెట్లు కావాలి. ఈ లెక్కన సెకనుకు 100 మీటర్ల వేగానికి ఒక్కో పోగు సెంటీమీటరుకి దగ్గరగా లావుండాలి. అలాంటివి వేల సంఖ్యలో పెట్టాలంటే వెన్నుపాము ఎంత ఉండాలో ఊహించవచ్చు. వెన్నెముక ఉన్న జీవులు పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టి, సుమారు మిల్లీమీటరుకొకచోట మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు సందు వదిలాయి. సోడియం గేట్లు ఆ సందుల్లోనే గుంపుగా ఉంటాయి. సంకేతం సందు నుంచి సందుకి దూకుతుంది. 20 మైక్రాన్లు కూడా మించని మన పోగులు ఆ విధంగా సెకనుకు 100 మీటర్లు దాటుతున్నాయి.

ఈ తొడుగు పోతే ఏమవుతుందో గిలాన్ బారీ సిండ్రోమ్ చూపిస్తుంది. 2025 మొదట్లో పుణెలో కేసులు పెరిగినప్పుడు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ జీబీఎస్ పేరు వార్తల్లో బాగా వినబడింది. ఇందులో ఒక రకంలో రోగనిరోధక వ్యవస్థే మైలిన్‌ని దెబ్బతీస్తుంది. ఒక సందులో పుట్టిన కరెంటు తొడుగు పోయిన చోట కారిపోయి తరువాతి సందుని లేపలేకపోతుంది. కాళ్ల నుంచి మొదలై చచ్చుదనం పైకి పాకుతుంది. ఆస్పత్రిలో చేసే ఎన్‌సీఎస్ (నెర్వ్ కండక్షన్ స్టడీ) పరీక్షలో కొలిచేది ఈ వేగాన్నే. ఆ పరీక్షకి ముందు చేయి, కాలు చల్లగా ఉంటే వెచ్చబరచడం రివాజు, ఎందుకంటే చల్లబడితే గేట్లు మందగించి ఆరోగ్యంగా ఉన్న నరం కూడా జబ్బుపడినట్టు కనిపిస్తుంది.

మరి వేడి చేస్తే మేలేనా? మెదడు, వెన్నుపాముల్లో మైలిన్ తొడుగు చెడే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు ఉన్నవారిలో కొందరికి వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు చూపు మసకబారుతుంది. శారీరక శ్రమ తర్వాత ఇలాగే చూపు మసకబారడాన్ని విల్హెల్మ్ ఉథాఫ్ 1890లో నమోదు చేశాడు. వేడికి గేట్లన్నీ వేగం పుంజుకుంటాయి, మూసుకునేవి కూడా. సోడియానికి దొరికే వ్యవధి కుదించుకుపోయి ఒక్కో సంకేతం మోసే చార్జి తగ్గుతుంది. తొడుగు బాగున్న నరానికి అది లెక్కలోకే రాదు. తొడుగు చెడిన నరం అప్పటికే అంచు మీద ఉంటుంది, ఆ కాస్త తగ్గుదలకే ఆగిపోతుంది.

1952లో ఈ గేట్లు ఊహ మాత్రమే. 1976లో ఎర్విన్ నేహెర్, బెర్ట్ సక్‌మన్ ఒక్క ఛానల్ గుండా, అంటే పొరలోని ఒక్క అయాన్ దారి గుండా, పారే కరెంటుని కొలిచారు. అది పికోఆంపియర్లలో ఉంటుంది. ఒక్క పికోఆంపియర్ అంటే సెకనుకు 60 లక్షలకు పైగా అయాన్లు. ఒక్కో ఛానల్ ఉంటే తెరిచి ఉంటుంది, లేకపోతే మూసి ఉంటుంది. ఎప్పుడు తెరుచుకుంటుందో కచ్చితంగా చెప్పలేం. ప్లిమత్‌లో గీసిన నునుపైన రేఖలు అలాంటి కోట్లాది ఛానళ్ల మొత్తం.

నరాల మీద పనిచేసే మందులు, విషాలు చాలావరకు ఈ ఛానళ్ల మీదే పనిచేస్తాయి. పంటి డాక్టరు ఇచ్చే లిడోకెయిన్ సోడియం ఛానల్‌ని లోపలి వైపు నుంచి మూస్తుంది. లోపలికి చేరాలంటే ముందు కొవ్వు పొరని దాటాలి, ఆవేశం లేని రూపంలో ఉంటేనే దాటగలదు. చీము పట్టిన చోట ఆమ్లత ఎక్కువ, మందు ఆవేశం ఉన్న రూపంలోకి మారిపోతుంది. అలాంటి పంటికి మత్తు సరిగా ఎక్కకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1938 నుంచి మూర్ఛకి వాడుతున్న ఫెనిటాయిన్ మూతపడిన స్థితిలో ఉన్న సోడియం ఛానల్‌ని పట్టుకుని మళ్లీ సిద్ధం కానివ్వదు. గబగబా వరసగా పేలే నరాల్లోనే మూతపడిన ఛానళ్లు ఎక్కువ కాబట్టి, మామూలు సంకేతాల కంటే మూర్ఛ సంకేతాల్నే అది ఎక్కువ అణచగలుగుతుంది.

ఎర్ర తేలు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మన పొలాల్లో, రాళ్ల గుట్టల కింద, పాత గోడల్లో ఉండే ఈ తేలు విషంలోని పదార్థాలు సోడియం గేటు మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. ముగియాల్సిన సంకేతం సాగుతుంది, ఒకటి వెళ్లాల్సిన చోట వరస కడతాయి. గుండెని, రక్తనాళాల్ని నడిపే నరాలు అలా రెచ్చిపోవడంతో చెమటలు పోస్తాయి, చేతులూ కాళ్లూ చల్లబడతాయి, బీపీ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చిన్నపిల్లలకి ఇది ప్రాణాంతకం. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే బీపీ మందుతో ఎన్నో ప్రాణాలు కాపాడవచ్చని చూపించారు. తేలు కుట్టిన పిల్లల్ని మంత్రాల పేరుతో ఆలస్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని డాక్టర్లు అంతగా చెప్పేది ఇందుకే.

అంచుని కదిపేది విషమే అవ్వాలని లేదు. బాగా టెన్షన్ పడి గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, విడిగా తిరిగే కాల్షియం కూడా తగ్గుతుంది. పొర బయటి ముఖానికి అంటుకుని ఉండే కాల్షియం తగ్గితే సోడియం గేట్లు తక్కువ వోల్టేజికే తెరుచుకుంటాయి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చిమచిమలాడడం, వేళ్లు కొంకర్లు పోవడం దాని ఫలితమే.

నొప్పి మందుల పరిశోధన ఇప్పుడు ఈ ఛానళ్ల చుట్టూనే తిరుగుతోంది. 2006లో ఉత్తర పాకిస్తాన్‌కి చెందిన కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియనివారి గురించి ఒక అధ్యయనం వచ్చింది. వారిలో నావ్ 1.7 అనే సోడియం ఛానల్ పనిచేయడం లేదు. పరిశోధకుల దృష్టికి మొదట వచ్చిన పిల్లవాడు వీధిలో చేతిలోకి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి చూపించేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. అదే ఛానల్ అతిగా తెరుచుకునే మార్పు ఉన్నవారిలో చేతులు, పాదాలు ఎర్రబడి భరించలేని మంట పుడుతుంది. ఒక్క ఛానల్‌ని ఆపితే మత్తు లేకుండా, అలవాటు పడే భయం లేకుండా నొప్పి పోతుందని అప్పట్లో చాలా ఆశపడ్డారు.

పని అనుకున్నంత తేలిక కాలేదు. ఒంట్లో ఈ రకం సోడియం ఛానళ్లు తొమ్మిది, అన్నీ దాదాపు ఒకే పోలిక. నావ్ 1.5 గుండెది, దాన్ని పొరపాటున తాకినా ప్రమాదమే. నావ్ 1.7 మీద చేసిన ప్రయత్నాలు చాలావరకు ప్రయోగాల దశలోనే నిలిచిపోయాయి. 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సుజెట్రిజిన్ అనే మందు గురిపెట్టింది ఇంకో దాన్ని: నొప్పిని మోసే నరాల్లో ఎక్కువగా ఉండే నావ్ 1.8ని. ఆపరేషన్ తర్వాతి నొప్పిని అది ఉత్తుత్తి మాత్ర కంటే బాగా తగ్గించింది, అయితే ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందు) కలిసిన మాత్రని మించలేదు. నడుము నుంచి కాలికి పాకే సయాటికా నొప్పి మీద చేసిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ దాదాపు అంతే ఉపశమనం కనిపించింది. తాజా గాయపు నొప్పికి, ఏళ్ల తరబడి పాతుకుపోయిన నొప్పికి వెనక ఉన్న ప్రవాహాలు ఒకటేనా అన్నది పరిశోధకుల ముందు ఇప్పుడున్న ప్రశ్న.